లాగ్‌బుక్ పోస్టులో ఉందట, బండి కొనమంటారా?

ప్రశ్న: అన్నగారికి నమస్కారం. మాది నరసరావుపేట దగ్గర పల్లె. 2023 సెప్టెంబర్‌లో ఎమ్మెస్సీ చదవడానికి ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ వచ్చాను. చదువు అయిపోయింది. ఇప్పుడు గ్రాడ్యుయేట్ వీసా మీద ఊరి బయట ఒక గోడౌన్‌లో చేస్తున్నాను. షిఫ్ట్ తెల్లవారుజామున ఐదింటికి. ఆ టైముకు బస్సు ఉండదు. ముగ్గురం కలిసి ట్యాక్సీ మాట్లాడుకుంటే నా వాటా వారానికి 45 పౌండ్లు పడుతోంది. రూమ్ నుంచి తొమ్మిది మైళ్లు. బర్మింగ్‌హామ్‌లో ఒకతను యమహా వైబీఆర్ 125 అమ్ముతున్నాడు. 64 ప్లేటు (2014–15లో రిజిస్టరైన బండి), 21 వేల మైళ్లు, 1,350 పౌండ్లు చెబుతున్నాడు. ఎంఓటీ (బండికి ఏటా చేయించే ఫిట్‌నెస్ పరీక్ష) ఇంకో నెల ఉంది. తాళంచెవి ఒక్కటే ఉంది. లాగ్‌బుక్ (ఇక్కడి ఆర్‌సీ) అడ్రస్ మార్పుకు పంపాడట, పోస్టులో వస్తుందట. ఇంకెవరో కూడా అడుగుతున్నారనీ, 200 పౌండ్లు ముందు పంపితే నాకోసం ఆపుతాననీ అంటున్నాడు. ఇన్సూరెన్స్ ఏడాదికి 700 దాకా చూపిస్తోంది. ఇండియా లైసెన్స్ ఉంది, ఊళ్లో ఆరేళ్లు పల్సర్ నడిపాను. వయసు 25. బండి ఫొటోలు పంపుతున్నాను. తీసుకోమంటారా?
– పి.ఎస్., కోవెంట్రీ

జవాబు: తమ్ముడూ, బండి కొనుక్కో. ఈ బండి మాత్రం వద్దు. ఆ 200 పంపావో లేదో రాయలేదు. పంపకపోతే పంపకు. బండి చూడకుండానే బయానా పంపే కుర్రాళ్ల మీదే అక్కడ కొందరు బతికేస్తున్నారు. నిజంగా అమ్మదలచుకున్నవాడు శనివారం పొద్దున ఇంటికి రమ్మంటాడు, చూపిస్తాడు, బేరమాడతాడు. ఇంకెవరో అడుగుతున్నారంటే అడగనీ. వైబీఆర్‌లకు ఆ దేశంలో కరువేమీ లేదు.

ఫొటోలో నంబర్‌ప్లేటు కనిపిస్తోంది కాబట్టి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో దాని ఎంఓటీ చరిత్ర తీశాను. నంబర్ కొడితే చాలు, పైసా ఖర్చు లేదు, ఎవరైనా చూడొచ్చు. 2022 పరీక్షలో 22,870 మైళ్లు. 2023లో 26,100. 2024లో 19,900. బండి వెనక్కి నడవదు కదా! ఎప్పుడో కింద పడి మీటరు పగిలితే పాత మీటరు తెచ్చి బిగించి ఉండొచ్చు, అందులో తప్పేమీ లేదు. కానీ ఆ సంగతి అమ్మేవాడే మొదట చెప్పాలి. ఇతను 21 వేలని నోటితో చెబుతున్నాడు. మీటరు మార్చిన తర్వాత తిరిగింది కూడా కలుపుకుంటే అది 27 వేలు దాటిన బండి. ఇంకోటి, మూడేళ్లూ ‘ముందు ఫోర్కు దగ్గర ఆయిల్ చెమ్మ’ అన్న సూచన అలాగే ఉంది. నేను మిడ్‌ల్యాండ్స్‌లో ఒక వర్క్‌షాపులో ఎంఓటీ టెస్టర్‌గా ఉన్నప్పుడు మైళ్ల కంటే ముందు ఇదే చూసేవాణ్ని. ఒకే సూచన ఏటేటా తిరిగొస్తోందంటే ఆ యజమాని పరీక్ష గట్టెక్కించడమే తప్ప బండిని చూసుకోలేదని అర్థం. రాయని లోపాలు ఇంకెన్ని ఉన్నాయో అప్పుడు ఊహించుకోవచ్చు.

ఇక లాగ్‌బుక్. అక్కడ దాన్ని వీ5సీ అంటారు, మన ఆర్‌సీ అనుకో. తేడా ఏమిటంటే అందులో ఉండేది బండి ఎవరి పేరున రిజిస్టరైందో ఆ పేరే. ఇది యాజమాన్యానికి రుజువు కాదని దాని మీదే అచ్చేసి ఉంటుంది. అందుకే పేపర్లో ఉన్న పేరు, అడ్రస్ నువ్వు నిలబడ్డ ఇంటికీ, ఎదురుగా ఉన్న మనిషికీ సరిపోవాలి. సరిపోతే అతను డీవీఎల్ఏ (అక్కడి ఆర్టీవో ఆఫీసు లాంటిది) వెబ్‌సైట్‌లో నీ పేరు ఎక్కిస్తాడు, ఆకుపచ్చ చిట్టీ చింపి నీకిస్తాడు. ఆ చిట్టీలో ఉన్న నంబర్‌తో నువ్వు రోడ్డు ట్యాక్స్ కట్టుకుంటావు. పాత యజమాని కట్టిన ట్యాక్స్ 2014 అక్టోబర్ నుంచి బండితో పాటు రావడం లేదు. 125కి ఏడాదికి 30 పౌండ్లలోపే, అది పెద్ద ఖర్చు కాదు. లాగ్‌బుక్ నిజంగానే పోస్టులో ఉంటే మంచిదే, వచ్చాక ఫోన్ చేయమను. చెయ్యడని నా అనుమానం. లాగ్‌బుక్ లేదు, రెండో తాళంచెవి లేదు, బయానా మాత్రం ముందు కావాలి. ఈ మూడూ ఒక్కచోట ఉన్నాయంటే అది దొంగబండి అయినా ఆశ్చర్యం లేదు. కొన్నాక పోలీసులు పట్టుకుంటే బండి పోతుంది, డబ్బూ పోతుంది. నీకు తెలియకుండా కొన్నావన్నది నిన్ను జైలు నుంచి కాపాడుతుందేమో కానీ 1,350 వెనక్కి తెచ్చిపెట్టదు.

అసలు నువ్వు అడగని సంగతి ఒకటుంది. అది బండి కంటే పెద్దది. ఆరేళ్ల పల్సర్ అనుభవం నీకు పనికొస్తుంది, నీ ఇండియా లైసెన్స్ మాత్రం ఇప్పుడు అక్కడ పనికిరాదు. ఆ దేశంలో నివాసం మొదలైన రోజు నుంచి 12 నెలల వరకే దానిమీద నడపొచ్చు. నువ్వు 2023లో వచ్చావు, ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. మన లైసెన్స్ ఇచ్చి వాళ్లది మార్చుకునే ఏర్పాటు కూడా ఇండియాకు లేదు. ఇప్పుడు నువ్వు ఆ బండెక్కితే లైసెన్స్ లేనట్టే లెక్క, కాబట్టి ఇన్సూరెన్స్ కాగితం ఉన్నా నిలవదు. ఇన్సూరెన్స్ లేకుండా దొరికితే 300 పౌండ్ల జరిమానా, లైసెన్స్‌కు 6 పాయింట్లు, బండి అక్కడికక్కడే లారీ ఎక్కుతుంది.

కాబట్టి ముందు ప్రొవిజనల్ లైసెన్స్, మన ఎల్ఎల్ఆర్ లాంటిది. ఆన్‌లైన్‌లో 34 పౌండ్లు. తర్వాత సీబీటీ అనే ఒకరోజు శిక్షణ. ఊరిని బట్టి 150 అటూ ఇటూ అడుగుతారు. బండి, హెల్మెట్ వాళ్లే ఇస్తారు. ఇది పాసూ ఫెయిలూ ఉండే పరీక్ష కాదు. కానీ నువ్వు నడిపే తీరు నచ్చకపోతే సర్టిఫికెట్ ఇవ్వకుండా ఇంకోరోజు రమ్మంటారు. నవ్వకు, అలా రెండోసారి వెళ్లేవాళ్లలో మన కుర్రాళ్లు ఎక్కువ. బ్యాలెన్స్ రాక కాదు. ఖాళీ స్థలంలో కోన్‌ల మధ్య ఎనిమిది అంకె వేయమంటే కళ్లు మూసుకుని వేస్తారు. ఆ తర్వాత కనీసం రెండు గంటలు రోడ్డు మీద నడపాలి. చెవిలో ఇయర్‌ఫోన్, వెనకాల ఇంకో బండి మీద ఇన్‌స్ట్రక్టర్. మలుపు తిరిగే ముందు అద్దం చూస్తే చాలదు, తల తిప్పి భుజం మీదుగా వెనక్కి చూడాలి. దాన్ని వాళ్లు లైఫ్‌సేవర్ అంటారు. మనకు ఆ అలవాటు బొత్తిగా లేదు, హారన్ కొట్టి దూరిపోవడమే తెలుసు. రౌండబౌట్ దగ్గర కుడివైపు నుంచి వచ్చేవాళ్లకు దారివ్వకుండా ముందుకు దూకితే చెవిలో అరుపు వినిపిస్తుంది. వారం ముందు నుంచే సైకిల్ మీదైనా తల తిప్పడం అలవాటు చేసుకో.

సీబీటీ రెండేళ్లు చెల్లుతుంది. అన్నాళ్లూ 125 సీసీ దాటకూడదు, ముందూ వెనకా ఎల్ బోర్డులు, మోటర్‌వే ఎక్కకూడదు, వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు. నీకు 24 దాటింది కాబట్టి, అక్కడే స్థిరపడే ఉద్దేశం ఉంటే థియరీ పరీక్ష (23 పౌండ్లు), ఖాళీ స్థలంలో నడిపి చూపించే మాడ్యూల్ వన్ (15.50), రోడ్డు మీద నడిపి చూపించే మాడ్యూల్ టూ (75) పాసై నేరుగా ఎంత పెద్ద బండికైనా ఫుల్ లైసెన్స్ తెచ్చుకోవచ్చు. శిక్షణ ఖర్చు వేరే ఉంటుందనుకో. ఇన్సూరెన్స్ అప్పుడు తగ్గుతుంది. ఇది తర్వాతి మాట.

ఇప్పుడు లెక్క వేద్దాం. ట్యాక్సీకి నెలకు 200 దాకా, ఏడాదికి 2,340 పోతోంది. బండికైతే మొదటి ఏడాది బండి ధర 1,250 అనుకో, నువ్వు చెప్పిన ఇన్సూరెన్స్ 700, సీబీటీ, ప్రొవిజనల్ కలిపి 185, హెల్మెట్, జాకెట్, గ్లవ్స్‌కు 250, మంచి గొలుసు తాళానికి 90, ట్యాక్స్, ఎంఓటీ కలిపి 60లోపు, చైన్ సెట్టో టైరో మార్చడానికి 150. మొత్తం 2,700కు దగ్గరగా వచ్చింది, పెట్రోల్ ఇంకా కలపలేదు. అది ఎలాగూ కొంచెమే, వైబీఆర్ గ్యాలన్‌కు వంద మైళ్ల దాకా ఇస్తుంది. అంటే మొదటి ఏడాది ట్యాక్సీయే చవక! బండి గెలిచేది రెండో ఏడాదిలో. లేదా మధ్యలో అమ్మి వెయ్యి వెనక్కి తెచ్చుకున్నప్పుడు. కాబట్టి ఈ ఉద్యోగం ఇంకా ఏడాదిన్నర ఉంటుందా అన్నది నువ్వే తేల్చుకోవాలి. ఆరు నెలల్లో ఊరు మారే ఆలోచన ఉంటే ట్యాక్సీ కొనసాగించు. అయితే ఒకటి ఒప్పుకుంటాను, ముగ్గురిలో ఒకడు సెలవు పెట్టిన రోజు నీ వాటా ఎంతవుతుందో, షిఫ్ట్ అయ్యాక ఇంకొకడి కోసం చలిలో ఎంతసేపు నిలబడతావో ఈ లెక్కలోకి రాదు.

ఇన్సూరెన్స్ కొటేషన్ తీసేటప్పుడు ‘సొంత పనులకు మాత్రమే’ అన్నదానికి టిక్ పెట్టకు, ‘ఉద్యోగానికి వెళ్లి రావడానికి కూడా’ అన్నది ఎంచుకో. రాత్రి బండి ఎక్కడ పెడతావో నిజం చెప్పు. వీధిలో పెడుతూ గ్యారేజీ అని రాస్తే ప్రీమియం తగ్గుతుంది, దొంగతనం జరిగిన రోజు పైసా రాదు. ఇండియాలో క్లెయిములు లేవని చెప్పినా చాలా కంపెనీలు లెక్కలోకి తీసుకోవు. కొనబోయే బండి ఖాయం కాకముందే రెండు మూడు మోడళ్లకు కొటేషన్ తీసి చూసుకో. కేటీఎం డ్యూక్ 125 మీద మన కుర్రాళ్లందరికీ కన్ను. అది తయారయ్యేది పుణె దగ్గర చాకన్‌లో, బజాజ్ వాళ్ల ఫ్యాక్టరీలోనే. ఆ అభిమానం నాకూ ఉంది కానీ అక్కడి దొంగలకూ అదే అభిమానం, ఆ సంగతి ప్రీమియంలో కనిపిస్తుంది. ఐదింటి షిఫ్టుకు వైబీఆర్, హోండా సీబీఎఫ్ 125, సీబీ 125ఎఫ్ లాంటి చప్పటి బండ్లే సరి.

ఇంకో బండి దొరికాక చూడ్డానికి వెళ్లే ముందు ఫోన్ చేసి ‘ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఉంచండి’ అని చెప్పు. వెళ్లగానే పలకరింపుల కంటే ముందు ఇంజన్ కేసింగ్ మీద అరచెయ్యి పెట్టు. వెచ్చగా ఉందంటే చల్లటి ఇంజన్ స్టార్ట్ కావడం లేదనో, లేచాక ఏదో చప్పుడు వస్తుందనో దాస్తున్నారన్నమాట. తర్వాత హ్యాండిల్ మెడ దగ్గర ఛాసిస్ మీద కొట్టిన నంబర్ లాగ్‌బుక్‌తో అంకె అంకె పోల్చు. ఆ చోట రాకినట్టు, మళ్లీ పెయింట్ వేసినట్టు ఉంటే దండం పెట్టి వచ్చేయ్. తాళంచెవి పెట్టే చోట చుట్టూ గీతలున్నా, హ్యాండిల్ లాక్ పడకపోయినా అంతే.

మన మెకానిక్కులు చూడనిదీ, అక్కడ తప్పక చూడాల్సిందీ ఉప్పు. చలికాలమంతా రోడ్ల మీద మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారు. ఆ నీళ్లు కింద నుంచి కొట్టి బండిని తినేస్తాయి. ట్యాంకు తళతళలాడుతుంటుంది. ఫోన్ టార్చ్ వేసుకుని కింద కూర్చో. ఇంజన్ నుంచి సైలెన్సర్‌కు వచ్చే గొట్టం వంపు దగ్గర వేలితో నొక్కు. పొరలు పొరలుగా రాలితే ఇంకో చలికాలానికి బొక్క పడుతుంది. బ్రేక్ పైపుల చివర్లు, స్టాండ్ స్ప్రింగు, నంబర్‌ప్లేటు వెనక బోల్టులు చూడు. తుప్పు రంగు సరే, తుప్పు పెచ్చులైతే ధర తగ్గించు. వెనక చక్రం పళ్ల మీద, గడియారంలో మూడు చూపించే చోట చైన్‌ను వేళ్లతో వెనక్కి లాగు. పన్ను సగం కనిపించిందా, చైన్ సెట్ అయిపోయినట్టే. ముందు బ్రేక్ పట్టుకుని షాకబ్జర్లు కిందకి నొక్కి వదులు. మెరిసే గొట్టం మీద ఆయిల్ గీత పడితే సీలు పోయింది. సెంటర్ స్టాండ్ వేసి, వెనక ఎవరినైనా నొక్కమని ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్ నెమ్మదిగా తిప్పు. నిటారుగా ఉన్నప్పుడు ‘టక్’మని గూట్లో పడ్డట్టు ఆగితే కోన్‌సెట్ (హ్యాండిల్ మెడలోని బేరింగులు) పోయింది. ఇవేవీ బండి వద్దనడానికి కారణాలు కావు, ఒక్కోదానికి ఇంత అని ధర తగ్గించడానికి. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. అరుగుదల ఎలా ఉన్నా అంత పాత టైరు వర్షంలో జారుతుంది.

నువ్వు టెస్ట్ రైడ్ చేయలేవు, గుర్తుంచుకో. సీబీటీ, ఇన్సూరెన్స్ రెండూ ఉంటే తప్ప ఒక్క సందు కూడా తిప్పకూడదు. లైసెన్స్, అన్ని బండ్లకూ వర్తించే ఇన్సూరెన్స్ ఉన్న స్నేహితుణ్ని తీసుకెళ్లు. లేదంటే అమ్మేవాణ్నే నడపమని వెనక నుంచి పొగ చూడు. యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తిప్పినప్పుడు నీలంగా వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోంది. అంతా బాగుంటే డబ్బు కట్టే ముందు ఆ నంబర్ మీద పది ఇరవై పౌండ్లు పెట్టి హిస్టరీ చెక్ తీయించు. దొంగబండా, దాని మీద ఎవరిదైనా అప్పు ఉందా, యాక్సిడెంటయితే ఇన్సూరెన్స్ వాళ్లు రాసిపారేశారా అన్నది అందులో వస్తుంది. ‘క్యాటగిరీ ఎన్’ అంటే ఫ్రేమ్‌కు దెబ్బ లేదు, కానీ బ్రేకులు, స్టీరింగ్, వైరింగ్ లాంటివి దెబ్బతిని ఉండొచ్చు. చవగ్గా వస్తే ఆలోచించొచ్చు. ‘క్యాటగిరీ ఎస్’ అంటే ఫ్రేమ్‌కే దెబ్బ, దాన్ని నీలాంటి కొత్తవాడు ముట్టుకోవద్దు.

ఆఖరుగా దారి. 125 బండి చదును రోడ్డు మీద 55, 60 మైళ్లకు మించి పరుగెత్తదు. ఏ46 లాంటి డ్యూయల్ క్యారేజ్‌వే (మధ్యలో డివైడర్ ఉన్న పెద్ద రోడ్డు) మీద లారీలు అదే స్పీడులో వస్తాయి, కార్లు 70లో. చట్టం ఎక్కనిస్తుంది కానీ జనవరిలో తెల్లవారుజామున నాలుగున్నరకి ఎల్ బోర్డుతో అక్కడ ఉండాలని నేను అనను. పది నిమిషాలు ఎక్కువైనా ఊళ్ల మధ్య రోడ్డు చూసుకో. ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరైన పొద్దుల్లో ట్యాక్సీ ఎక్కు. ఆ స్నేహితులతో తెగతెంపులు చేసుకోకు.

ప్రశ్న: హ్యాట్‌ఫీల్డ్‌లో స్టూడెంట్ వీసా మీద ఉన్నాను. ఫుడ్ డెలివరీ కోసం 125 స్కూటర్ కొందామనుకుంటున్నాను. సీబీటీ ఉంది. తెలిసినతను యాప్ అకౌంట్ వారానికి ఇంత అని అద్దెకిస్తానంటున్నాడు. ఏ స్కూటర్ మంచిది?
– పేరు వద్దన్న విద్యార్థి

జవాబు: ఏదీ మంచిది కాదు. స్టూడెంట్ వీసా మీద సొంతంగా వ్యాపారం చేయకూడదు. యాప్ డెలివరీని ఆ దేశంలో స్వయం ఉపాధిగానే చూస్తారు. టర్మ్‌లో వారానికి 20 గంటలు పని చేయొచ్చన్నది ఒకరి దగ్గర జీతానికి చేసే పనికి, దీనికి కాదు. అద్దె అకౌంట్ అయితే మరీ ఘోరం. రోడ్డు మీద ఆపి ఫోన్‌లో పేరు, చేతిలో ఐడీ పోల్చే తనిఖీలు జరుగుతున్నాయి. దానికి తోడు డెలివరీకి మామూలు ఇన్సూరెన్స్ చెల్లదు, ‘హైర్ అండ్ రివార్డ్’ అని వేరే ఉండాలి. ఒకేసారి వీసా, బండి రెండూ పోతాయి. జీతం మీద తీసుకునే షాపుల్లో అడుగు. తక్కువే వస్తుంది, తెలుసు.

ప్రశ్న: తమ్ముడూ, మా అబ్బాయి ఇంగ్లండ్‌లో పాత బండి కొంటానని లక్షన్నర పంపమంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. వద్దంటే వినేలా లేడు. వాళ్ల నాన్నగారి ఐఎస్ఐ హెల్మెట్ కొత్తదే ఉంది, కనీసం అదైనా పార్సిల్ పంపనా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అక్కగారూ, హెల్మెట్ పంపొద్దు. మన ఐఎస్ఐ గుర్తు అక్కడ చెల్లదు, ఈసీఈ 22.05 లేదా 22.06 అనో, బ్రిటిష్ స్టాండర్డ్ గుర్తో ఉండాలి. పార్సిల్ ఖర్చుకు ఇంకొంచెం కలిపితే అక్కడే మంచిది వస్తుంది. డబ్బు సంగతి అంటారా, మొత్తం ఒకేసారి పంపకండి. ముందు సీబీటీకి మాత్రం పంపండి. ఆ సర్టిఫికెట్ ఫొటో వచ్చాక హెల్మెట్, జాకెట్‌కు పంపండి. అవి వేసుకుని వీడియో కాల్‌లో కనిపించమనండి. బండికి పంపే ముందు ఇన్సూరెన్స్ కొటేషన్, వీ5సీ ఫొటో చూపించమనండి. చదవడం రాకపోయినా ఫర్వాలేదు, అడుగుతారని తెలిస్తే వాడే జాగ్రత్తగా చూసుకుంటాడు. ఈ మూడూ తెచ్చిపెట్టాక కూడా వద్దంటే మాత్రం మీకు చెప్పకుండా కొంటాడు.

ప్రశ్న: సీబీటీ మీద హోండా 125 కొన్నాను. మా ఆవిడను వెనక ఎక్కించుకుని గుడికి తీసుకెళ్లొచ్చా? ఆదివారం ఒక్కరోజే.
– లెస్టర్

జవాబు: ఆదివారం కూడా కుదరదు బాబూ. ఫుల్ లైసెన్స్ వచ్చేదాకా ఆవిణ్ని బస్సెక్కించు. నువ్వు బండి మీద ముందెళ్లి అర్చనకు లైన్‌లో నిలబడు.